వేలాడదీసి కొలవాలి: దించిన 1972 సీ-10 ముందు స్ప్రింగు కేసు

బండి 1972 షెవ్రొలే సీ-10 పికప్ ట్రక్కు. పొట్టి బెడ్డు, 350 వీ8 ఇంజను, ఆటోమేటిక్ గేరు, పవర్ స్టీరింగు, ముందు డిస్కు బ్రేకులు. ఓనరు టెక్సస్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు, ఇరవై రెండేళ్ళవాడు. నా వర్క్‌షాపు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. రెండు బళ్ళు పట్టే షెడ్డు, ఒక లిఫ్టు, నేను, నాతో ఇంకొకడు.

కుర్రాడితో పాటు వాళ్ళ నాన్న కూడా వచ్చారు. తణుకు వైపు ఆయన. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఈ పాత ఇనుముకి వీడు పెట్టిన డబ్బులో కొత్త కారు వచ్చేదండీ" అన్నారు. కొడుకు వినలేదో, విననట్టు ఊరుకున్నాడో తెలీదు. నేను విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్నవాణ్ణి. అక్కడ లారీ వచ్చిందంటే కమాను కట్టకి ఇంకో ఆకు వెయ్యమనేవాళ్ళు, ఎత్తు పెంచమనేవాళ్ళు, ఇంకో రెండు టన్నులు ఎక్కేలా చూడమనేవాళ్ళు. ఇక్కడికొచ్చాక అంతా తలకిందులు. బండి నేలకి ఎంత దగ్గరగా కూర్చుంటే అంత గొప్ప. ఇలా ఎత్తు తగ్గించి బండిని దించడం మీద నాకు కోపమేమీ లేదు, చూడ్డానికి నిజంగానే బాగుంటుంది. దించిన పద్ధతి చూసినప్పుడే ఒళ్ళు మండుతుంది.

ఫిర్యాదు ఒక్కటే. కుడివైపు ముందు చక్రం దగ్గర "టంగ్" మని చప్పుడు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వస్తుంది, ఇంటి ముందు వాలు ఎక్కుతూ స్టీరింగ్ తిప్పితే వస్తుంది. తిన్నటి రోడ్డు మీద ఏమీ ఉండదు.

"ఎప్పట్నుంచి?"

"కొత్త టైర్లు వేయించిన మర్నాడి నుంచి అంకుల్. వీల్ నట్లు లూజుగా బిగించారేమో అని మళ్ళీ వాళ్ళ దగ్గరికే వెళ్ళాను. చెక్ చేసి అన్నీ టైటే అన్నారు."

ఈ జవాబు దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. చప్పుడనగానే అలవాటు ప్రకారం బాల్ జాయింట్ల మీదికి, అంటే చక్రాన్ని ఆర్మ్‌లకి కలిపే గుండు కీళ్ళ మీదికి పోయాను. జాకీ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని చాసీకి కలిపే కింది చెయ్యి) కింద పెట్టి చక్రం లేపి, కింద గడ్డపార దూర్చి ఆడించి చూశాను. పై బాల్ జాయింటు, కింది బాల్ జాయింటు రెండూ గట్టిగానే ఉన్నాయి. షాక్ అబ్జార్బర్ బుష్‌లు ముసలివే గానీ చప్పుడు చేసేటంత కాదు. స్టీరింగు ఐడ్లర్ ఆర్మ్‌లో కొద్దిగా ఆట ఉంది, కానీ దాని చప్పుడు వేరు. అలా గంటన్నర పోయింది. అంతసేపూ జాకీ ఆర్మ్ కిందే ఉంది, అంటే స్ప్రింగు మీద బరువు ఉండనే ఉంది. రోగం బయటపడే అవకాశం నేనే ఇవ్వలేదు.

లిఫ్టు మీద

తర్వాత రెండు స్తంభాల లిఫ్టు మీదికి తీసుకుని, లిఫ్టు చేతులు చాసీ కింద పెట్టి లేపాం. చక్రాలు నేల వదిలాయి, మెల్లగా కిందికి వేలాడాయి. ఇంకో జానెడు లేచేసరికి కుడివైపు నుంచి "టంగ్". అచ్చంగా అదే చప్పుడు. కుర్రాడు ఎగిరి పడ్డాడు. టార్చి లైటు వేసి చూస్తే స్ప్రింగు ఒరిగి ఉంది. పైన క్రాస్‌మెంబరు (చాసీ అడ్డ దూలం) గిన్నెలో ఒక పక్కకి ఆనింది, కింద లోయర్ ఆర్మ్ సీటులో దాని కొస, ఆని ఆగాల్సిన మెట్టు ఎక్కి కూర్చుంది. చెయ్యి పెట్టి తిప్పితే తిరిగింది! వీ8 ఇంజను బరువు మోసే స్ప్రింగు కుండ మీద మూతలా చేతిలో తిరుగుతోంది.

ఎడమవైపు చూస్తే ఇంకో వింత. స్ప్రింగు కింది చుట్టుని లోయర్ ఆర్మ్‌కి కంచె తీగతో నాలుగు చుట్లు చుట్టి కట్టేశారు. తుప్పు పట్టి ఉంది, అంటే ఏళ్ళ కిందటి పని. కుడివైపు వెతికితే అదే తీగ ముక్క, తెగిపోయి, ఆర్మ్ మూలలో ఇరుక్కుని కనిపించింది. ఈ బండిని దించినవాడికి స్ప్రింగు ఊడుతుందని తెలుసన్న మాట. తెలిసే తీగతో కట్టాడు.

స్ప్రింగు కొస చూస్తే మిగతా కథ తేలిపోయింది. బండి ఎత్తు తగ్గడానికి స్ప్రింగు చుట్లని గ్యాస్ కటింగుతో కోశారు. కోసిన చోట ఇనుము కరిగి గడ్డ కట్టి ఉంది, దాని వెనక వేలెడు దూరం దాకా నీలం రంగు. స్ప్రింగు స్టీలుకి పదును పెట్టేది కొలిచి ఇచ్చిన వేడి. దాని మీద గ్యాస్ మంట పెడితే ఆ చోట పదును పోతుంది. ఒక పక్క మెత్తబడుతుంది, దాని పక్కనే పెళుసెక్కుతుంది. లోయర్ ఆర్మ్ సీటులో తుప్పు మీద ఒక మెరిసే గీత, నెలవంక ఆకారంలో. కరుకు కొస సీటుని గీకుతూ ముందుకీ వెనక్కీ తిరిగిన దారి అది. గోరు పెడితే దిగేంత లోతుంది.

అప్పుడు మళ్ళీ టైర్ల సంగతి గుర్తొచ్చింది. టైర్ల షాపువాళ్ళు చేసింది తప్పేమీ కాదు. చాసీ కింద చేతులు పెట్టి లేపారు, అదే సరైన పద్ధతి. నాలుగు చక్రాలూ వేలాడాయి, కుడి స్ప్రింగు వదులైంది, పాత తీగ ఆ రోజే తెగి ఉంటుంది, లిఫ్టు మీంచి బండి దించగానే స్ప్రింగు ఎక్కడ పడితే అక్కడ కూర్చుంది. స్ప్రింగు ఊడింది రోడ్డు మీద కాదు, లిఫ్టు మీద. రోడ్డు మీద వినిపించింది తర్వాతి చప్పుడు.

స్ప్రింగుని పట్టి ఉంచేది ఏది

షెవీ సీ-10కి ముందు కాయిల్ స్ప్రింగులు వచ్చింది 1963లో. 1960 నుంచి 62 దాకా టార్షన్ బార్లు, అంటే మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు. 63 తర్వాతి అమరిక సులువుగానే అర్థమవుతుంది. పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్. కింది ఆర్మ్‌కి, చాసీ క్రాస్‌మెంబరు గిన్నెకి మధ్య స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. షాక్ అబ్జార్బర్ స్ప్రింగు లోపల ఉండదు, పక్కన వేరుగా ఉంటుంది. కాబట్టి స్ప్రింగు పక్కకి జరిగితే లోపలినుంచి ఆపే రాడ్డు కూడా లేదు. అదే ఏళ్ళ షెవీ ట్రక్కుల వెనక కాయిల్ స్ప్రింగులకి పైనా కిందా పట్టీ వేసి బోల్టుతో బిగిస్తారు. ఫోర్డు ఎఫ్-100లో 1965 నుంచి వచ్చిన జంట ఐ-బీమ్‌ల (ఐ ఆకారపు ముందు ఇరుసుల) మీద కూడా ముందు స్ప్రింగుని కింద ప్లేటు వేసి నట్టుతో బిగిస్తారు. నా ముందున్న బండిలో ముందు స్ప్రింగుకి అలాంటి పట్టీ ఏదీ లేదు. దాన్ని పట్టి ఉంచేది దాని సొంత ఒత్తిడే. చక్రం ఎంత కిందికి వేలాడినా స్ప్రింగు ఇంకా కొంత నొక్కుకుని ఉండాలి. ఉన్నంతసేపు ఎక్కడికీ పోదు. ఒత్తిడి సున్నా అయిన క్షణం నుంచి దాన్ని దేవుడే కాయాలి.

బండి దించేవాళ్ళు అందరూ కొలిచేది నిలబడ్డ ఎత్తు. ఫెండరు అంచుకీ టైరుకీ మధ్య ఎన్ని వేళ్ళు పడతాయి, నేలకి ఎంత ఉంది. ఆ స్థితిలో కోసిన స్ప్రింగైనా, కొయ్యనిదైనా బుద్ధిగా కూర్చునే ఉంటుంది, ఎందుకంటే పైన బరువుంది. తేడా తెలిసేది చక్రం గాల్లో ఉన్నప్పుడే, అక్కడ టేపు పెట్టేవాడు తక్కువ. పైగా టెక్సస్‌లో మామూలు బళ్ళకి ఏటా చేసే భద్రతా తనిఖీని 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు. ఇలాంటి బండి కింద ఇక టార్చి వేసి చూసేది టైర్ల షాపువాడో, నాలాంటివాడో.

కొలతలు

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, అసలు విషయం ఇదే.

విప్పేముందు బండి నేల మీద ఉండగా, చాసీ అంచు నుంచి కింది బాల్ జాయింటు దాకా నిలువు దూరం రాసుకున్నాను. స్ప్రింగు తీసేశాక ఆర్మ్‌ని జాకీతో లేపి మళ్ళీ అదే దూరానికి తెస్తే, బండి నిలబడ్డప్పటి స్థితి దొరుకుతుంది. పై గిన్నెకీ కింది సీటుకీ మధ్య కొలవడానికి రెండు చెక్క పుల్లలు చాలు. ఒకదాని మీద ఒకటి జారేలా రబ్బరు బాండు వేసి, లోపల పెట్టి, రెండు కొసలూ ఆనేదాకా జరిపి, బయటికి తీసి టేపు మీద పెడతాను. ఖరీదైన పరికరాలున్నవాళ్ళు నవ్వుకోవచ్చు. ఎనిమిదో వంతు అంగుళం అటూ ఇటూగా సరిగ్గానే వస్తుంది.

కుడివైపు, నిలబడ్డప్పుడు ఉండాల్సిన దూరం 8.8 అంగుళాలు. ఆర్మ్ పూర్తిగా వేలాడినప్పుడు 13.7. బయట బల్ల మీద నిలబెట్టి కొలిస్తే కోసిన స్ప్రింగు పొడవు 12.1. అంటే చక్రం వేలాడితే స్ప్రింగుకీ సీటుకీ మధ్య 1.6 అంగుళాల ఖాళీ. రెండు వేళ్ళు దూరేంత.

ఇందులో అర అంగుళం నేరం స్ప్రింగుది కాదు. పై ఆర్మ్ కిందికి దిగినప్పుడు చాసీకి ఆనడానికి ఒక రబ్బరు దిమ్మ ఉంటుంది. ఈ బండిలో రెండు వైపులా ఆ దిమ్మలు ఊడిపోయి, వట్టి ఇనుము ఇనుముకి తగులుతోంది. కొత్త దిమ్మలు తెప్పించి, ఒకటి తాత్కాలికంగా పెట్టి చూస్తే వేలాడిన దూరం 13.2కి తగ్గింది. అయినా 1.1 అంగుళాల ఖాళీ ఉండనే ఉంది.

చక్రం లెక్కలో చూడాలంటే ఆర్మ్ నిష్పత్తి కావాలి. చాసీ కదలకుండా పెట్టి చక్రాన్ని రెండంగుళాలు లేపితే స్ప్రింగు సీటు 1.1 అంగుళాలు లేచింది. నిష్పత్తి 0.55. నిలబడ్డ చోటు నుంచి స్ప్రింగు వదులయ్యే దాకా 3.3 అంగుళాలు, అంటే చక్రం దగ్గర ఆరు అంగుళాలు. రోజూ తిరిగే రోడ్డు మీద చక్రం ఆరంగుళాలు పడిపోదు. అందుకే ఏళ్ళ తరబడి ఈ బండి ఏమీ కానట్టు తిరిగింది. లిఫ్టు మీద పడుతుంది. నిటారు వాలు మీదికి ఏటవాలుగా ఎక్కితే ఒక చక్రం దాదాపు అంత పడుతుంది. కుర్రాడి ఇంటి ముందు వాలు సరిగ్గా అలాంటిదే.

కోసిన స్ప్రింగు ఇంకో పని కూడా చేస్తుంది. చుట్లు తగ్గితే స్ప్రింగు గట్టిపడుతుంది, ఎందుకంటే వంగడానికి ఉన్న తీగ పొడవు తగ్గింది. పని చేసే చుట్లు ఎనిమిది ఉన్నచోట రెండు కోసేస్తే మూడో వంతు గట్టిపడుతుంది. ప్రెస్సు కింద పెట్టి కొలిస్తే అంగుళానికి 530 పౌండ్లు వచ్చింది. వెనక్కి లెక్క వేస్తే కొయ్యకముందు 400 దగ్గర ఉండాలి. గట్టి స్ప్రింగు అదే బరువుకి తక్కువ నొక్కుకుంటుంది. తక్కువ నొక్కుకున్నది చక్రం కిందికి పడేటప్పుడు త్వరగా వదులవుతుంది. పొట్టిదనం ఒక దెబ్బ, గట్టిదనం రెండో దెబ్బ.

సరిచూసుకోవడానికి చక్రం కింద తూకం పెట్టాను. కుడి ముందు చక్రం మీద 1,110 పౌండ్లు. చక్రం, బ్రేకు, ఆర్మ్ సగం బరువు కలిపి 150 తీసేస్తే 960. దాన్ని 0.55తో భాగిస్తే స్ప్రింగు మీద దాదాపు 1,745 పౌండ్లు. 530తో భాగిస్తే 3.3 అంగుళాలు. 12.1లోంచి 3.3 తీసేస్తే 8.8. పుల్లలతో కొలిచింది కూడా అదే. ఇలా కలిసినప్పుడు వచ్చే తృప్తి ఈ పనిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

వద్దన్నవి

కుర్రాడి బడ్జెట్ తక్కువ. అందుకని ముందు చవక దారులే మాట్లాడుకున్నాం.

"వైర్ ప్లేస్‌లో మంచి స్టీల్ క్లాంప్ వేస్తే సరిపోదా అంకుల్?"

సరిపోదు. కట్టు స్ప్రింగుని కింది సీటుకి పట్టి ఉంచుతుంది సరే, పై కొస గిన్నెలోంచి జారుతుంది కదా. ఖాళీ మాయం కాలేదు, చోటు మార్చుకుంది అంతే. పైగా స్ప్రింగు పని చేసినప్పుడల్లా కింది చుట్టు కొద్దిగా మెలి తిరుగుతుంది, దాన్ని గట్టిగా పట్టేస్తే అక్కడే రాపిడి, అక్కడే పగులు. ఇంకొందరు కొసని సీటుకి వెల్డింగు పెడతారు. దాని గురించి నేను మర్యాదగా మాట్లాడలేను.

రెండో దారి, చక్రాన్ని అంత కిందికి పడనివ్వకుండా పట్టీలు కట్టడం, లేదా పొట్టి షాకులు వెయ్యడం. పట్టీ నిజమైన పరిష్కారమే, కాదనను. కానీ ఈ బండికి పట్టీతో చక్రం పడే దూరాన్ని కనీసం రెండంగుళాలు కొయ్యాలి, కోశాక కూడా స్ప్రింగు ఒత్తిడి సున్నాకి కాస్త పైన మాత్రమే ఉంటుంది. గ్యాస్ మంటతో కాల్చిన స్ప్రింగు అలాగే ఉంటుంది. ఇక షాక్ అబ్జార్బర్‌ని గొలుసులా వాడటం నాకు నచ్చదు. వేలాడే చక్రం, బ్రేకు, ఆర్మ్ బరువంతా దెబ్బమీద దెబ్బగా దాని లోపలి పిస్టను మీద పడుతుంది. ఆయిలు కారడం మొదలయ్యాక చూసుకుంటే ఏం లాభం?

చేసినవి

రెండున్నర అంగుళాలు దించే స్పిండిళ్ళు (చక్రం తిరిగే ఇరుసు ఉండే భాగాలు), ఒకటిన్నర అంగుళం దించే స్ప్రింగులు. మొత్తం నాలుగు అంగుళాలు. కుర్రాడికి అలవాటైన ఎత్తే, ఒక్క వేలు కూడా పెరగలేదు.

స్పిండిల్ సంగతి చాలామంది సరిగ్గా పట్టించుకోరు. దించే స్పిండిల్‌లో చక్రం తిరిగే ఇరుసు మామూలు కంటే రెండున్నర అంగుళాలు పైన ఉంటుంది. చక్రం పైకి పోతే బండి కిందికి వస్తుంది. కానీ ఆర్మ్‌లు కంపెనీలో ఉన్న కోణంలోనే ఉంటాయి, స్ప్రింగుకి ఏమీ తెలియదు. అది ఎంత నొక్కుకోవాలో అంతే నొక్కుకుంటుంది, వేలాడినప్పుడు మిగిలే ఒత్తిడి మిగులుతుంది. అంటే నాలుగంగుళాల్లో రెండున్నర స్ప్రింగు జోలికి పోకుండానే వచ్చేశాయి. మిగతా ఒకటిన్నర మాత్రం స్ప్రింగు ఇవ్వాలి.

కొత్త స్ప్రింగు ఎంచుకునేటప్పుడు "ఎంత దించుతుంది" అని మాత్రమే కాదు, బల్ల మీద పొడవెంత, గట్టిదనం ఎంత అని కూడా అడిగాను. చెప్పలేనివాళ్ళ దగ్గర కొనలేదు. కొన్నది బయట 14.1 అంగుళాలు, అంగుళానికి 450 పౌండ్లు. 1,745ని 450తో భాగిస్తే 3.9. నిలబడ్డప్పుడు 10.2. వేలాడినప్పుడు దిమ్మలతో 13.2, అంటే ఇంకా 0.9 అంగుళాలు నొక్కుకునే ఉంటుంది. దాదాపు 400 పౌండ్ల ఒత్తిడి. ఆ స్ప్రింగుని చేత్తో తిప్పడం ఎవరి వల్లా కాదు.

విప్పడం గురించి ఒక మాట. కోసిన స్ప్రింగు వదులుగా ఉంది కదా అని ఎడమవైపు కూడా అలాగే లాగెయ్యబోయాడు నా దగ్గర పనిచేసే కుర్రాడు. ఆపాను. ఎడమది తీగతో కట్టి ఉంది, ఆర్మ్ ఎక్కడ పట్టుకుందో తెలియదు. స్ప్రింగులోంచి గొలుసు దూర్చి లోయర్ ఆర్మ్‌కి చుట్టి, ఆర్మ్ కింద జాకీ పెట్టి, అప్పుడే బాల్ జాయింటు వదిలించాం. బిగించేటప్పుడైతే ఈ జాగ్రత్త పదింతలు కావాలి, ఎందుకంటే కొత్తది వేలాడినప్పుడు కూడా ఒత్తిడితోనే ఉంటుంది. ఆటోనగర్‌లో పద్మిని కారు ముందు స్ప్రింగు ఎగిరి రేకు షెడ్డు పైకప్పుకి సొట్ట పెట్టడం నేను కళ్ళారా చూశాను. స్ప్రింగు ఎదురుగా నిలబడకూడదు, వంగి చూడకూడదు. ఓనరు కుర్రాణ్ణి వాళ్ళ నాన్న పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను.

లోయర్ ఆర్మ్ సీటు గీతల్ని గ్రైండరు ముట్టకుండా చేతి ఆకురాయితో అంచులు మాత్రం తీసి, తుప్పు గోకి, ప్రైమరు కొట్టాం. పగులు ఉందేమోనని రంగు ద్రావకం కొట్టి చూశాం, లేదు. ఉంటే ఆర్మ్ మార్చేవాణ్ణి.

నా తప్పు

కింది సీటు బల్లపరుపుగా ఉండదు. స్ప్రింగు తీగ చుట్టులాగే మెలిక తిరిగి దిగుతూ వచ్చి, ఒక మెట్టు దగ్గర ఆగుతుంది. స్ప్రింగు కొస ఆ మెట్టుకి ఆని కూర్చోవాలి. అలా కూర్చుంటేనే తీగ మొత్తం సీటుకి పరుచుకుంటుంది. మెట్టుకి దూరంగా ఉంటే ఎత్తు తేడా వస్తుంది, మెట్టు ఎక్కితే ఒరుగుతుంది.

ఎడమవైపు అద్దం పెట్టి చూసుకుంటూ బిగించాను. కుడివైపు బిగించేసరికి సాయంత్రం ఏడు దాటింది. జాకీ లేపుతుంటే స్ప్రింగు కొంచెం తిరిగింది, అది నేను చూడలేదు. కొస మెట్టుకి వేలు వెడల్పు దూరంలో ఆగిపోయింది.

నన్ను కాపాడింది పసుపు పెయింటు పెన్ను. ఏ స్ప్రింగు బిగించినా పైచుట్టు మీద, పక్కనే గిన్నె అంచు మీద ఒకే గీత కలిపి గీస్తాను. కిందా అంతే. వంద మైళ్ళు తిప్పి తెమ్మన్నాను. తెచ్చాడు. ఎడమవైపు గీతలు ఎక్కడివక్కడే. కుడివైపు కింది గీత రెండు ముక్కలై, మధ్యలో మూడో వంతు అంగుళం జరిగింది. ఫెండరు ఎత్తు కూడా ఆ పక్క ఎనిమిదో వంతు తగ్గింది. చప్పుడేమైనా వచ్చిందా అంటే, "ఒకసారి చిన్నగా వచ్చింది అంకుల్, నేను రాయి అనుకున్నా" అన్నాడు.

మళ్ళీ విప్పాను. డబ్బులు అడగలేదు, అడగకూడదు కూడా. కొసని మెట్టుకి ఆనించి, ఆర్మ్ లేపుతున్నంతసేపూ పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి స్ప్రింగు చుట్ల మధ్య దూర్చి తిరగకుండా పట్టుకున్నాను. మొదటిసారే ఇలా చేసి ఉంటే సగం రోజు మిగిలేది.

మిగతావి

స్పిండిళ్ళు మార్చాక చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చక్రం పైకి పోయింది కాబట్టి దాని పక్కన కింది ఆర్మ్, బాల్ జాయింటు నేలకి దగ్గరవుతాయి. టైరు గాలి పూర్తిగా పోయి బండి రిమ్ము మీద కూర్చుంటే ఏ భాగమూ నేలకి తగలకూడదు. ఒకవైపు రిమ్ము కింది అంచు నుంచి రెండోవైపు టైరు అడుగుదాకా దారం లాగి చూశాను. దారం కిందికి ఏదీ రాలేదు. పదిహేను అంగుళాల రిమ్ములే కాబట్టి లోపలివైపు స్టీరింగు రాడ్డు కొసకీ రిమ్ముకీ మధ్య సందు కూడా చూశాను, స్టీరింగు రెండువైపులా పూర్తిగా తిప్పి. బ్రేకు హోస్‌లు వేలాడినప్పుడు బిగుసుకోకుండా ఉన్నాయి. వెనక స్ప్రింగులు దించినవే గానీ వాటి పట్టీలు, బోల్టులు గట్టిగా ఉన్నాయి. వాటి జోలికి పోలేదు.

అలైన్‌మెంటు పై ఆర్మ్ షాఫ్టు దగ్గర షిమ్‌లు (పలుచని ఇనుప బిళ్ళలు) మార్చి సరిచేశాం. పాత షిమ్‌ల కట్ట చూస్తే, కోసిన స్ప్రింగులతో చక్రాలు లోపలికి వాలిపోతే సరిచెయ్యడానికి ఎవరో ఎంత తిప్పలు పడ్డారో తెలిసింది. ఇప్పుడు ఆర్మ్‌లు దాదాపు తమ కోణంలో ఉన్నాయి కాబట్టి ఆ తిప్పలు లేవు.

కింది ఆర్మ్ బంపు రబ్బర్లు రెండూ అరిగి పలకలై పోయి ఉన్నాయి. కోసిన స్ప్రింగుల మీద బండి దాదాపు వాటి మీదే నడిచిందన్న మాట. కొత్తవి వేశాం. ఇప్పుడు మధ్యలో చాలినంత ఖాళీ ఉంది. నడిపి చూశాక కుర్రాడు ముందు చెప్పింది చప్పుడు గురించి కాదు, నడుము గురించి.

రెండోసారి తిప్పి తెచ్చింది ఐదు వందల మైళ్ళ తర్వాత. చాసీ కింద చేతులు పెట్టి లేపాను, ఈసారి కావాలనే, చక్రాలు పూర్తిగా వేలాడేలా. నాలుగు పసుపు గీతలూ తెగకుండా ఉన్నాయి. స్ప్రింగుని రెండు చేతులా పట్టుకుని తిప్పబోయాను, కదల్లేదు. వాళ్ళ నాన్న కూడా ఒకసారి చెయ్యేసి చూసి, చేతులు జీన్సుకి తుడుచుకున్నారు.

పాత స్ప్రింగులు షెల్ఫు మీద పెట్టుకుంటానన్నాడు కుర్రాడు. ఇవ్వలేదు. ఎవరో ఒకరు మళ్ళీ ఏదో బండిలో వేస్తారు. కట్టరుతో నాలుగు ముక్కలు చేసి స్క్రాపులో పడేశాను. తీగ ముక్క మాత్రం నా దగ్గరుంది.

ఎడమ లోయర్ ఆర్మ్ బుష్ ఒకటి చలి పొద్దున్నల్లో కీచుమంటోంది. అది వచ్చే నెల పని.